ఏ ట్యాంకులో ఏ అనిమోన్: కొనేముందు తేల్చుకోవాల్సినవి

అనిమోన్ అంటే పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జంతువు. దాన్ని కొనడానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందుగా టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటి పోగులు) మీద పడతాయి. గులాబీ రంగు, ఆకుపచ్చ మెరుపు, బుడగల్లా ఉబ్బిన కొసలు చూసి బేరం మొదలుపెడతారు. అసలు తేడా మాత్రం కింద, పాదంలో ఉంటుంది. కొన్ని జాతులు రాతి సందులో పాదం దూర్చి కూర్చుంటాయి. కొన్ని ఇసుకలో నాలుగంగుళాలు దిగి, అడుగున గట్టిగా దొరికినదాన్ని పట్టుకుని, తల మాత్రం పైకి పెడతాయి. రాతి జాతిని ఇసుక మీద వదిలినా, ఇసుక జాతిని రాతి మీద వదిలినా జరిగేది ఒకటే: కాలు నిలవదు. కాలు నిలవని అనిమోన్ ట్యాంకంతా తిరుగుతుంది. అలా తిరిగేది ఏదో ఒక రాత్రి నీటిని కదిలించే పంపులో, అంటే వేవ్‌మేకర్‌లో చిక్కుకుంటుంది, తెల్లారేసరికి సగం తురుము, మిగతా సగం కుళ్లు. ఇంటి ట్యాంకుల్లో అనిమోన్లు పోయే దారుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది కాబట్టి ఎంపిక కూడా పాదం దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

అసలు అవసరమా?

తెల్ల పట్టీల నారింజ రంగు ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జత ఇంట్లో ఉంది కాబట్టి అనిమోన్ తప్పనిసరి అనుకునేవాళ్లు చాలామంది. తప్పనిసరేమీ కాదు. సముద్రంలో క్లౌన్ చేపను మింగే చేపలుంటాయి, అందుకే అక్కడ దాక్కోవడానికి దానికి అనిమోన్ లేనిదే గడవదు. మీ ట్యాంకులో ఆ భయం లేదు. హేచరీలో పుట్టిన క్లౌన్ అనిమోన్ మొహం చూడకుండానే పదేళ్లు దాటి బతుకుతుంది, ఒక పూలకుండీ పెంకు దొరికితే దాని మీదే గుడ్లు పెడుతుంది.

అనిమోన్ తెచ్చినా చేప అందులోకి వెళ్తుందన్న హామీ లేదు. క్లౌన్లకు ఇల్లయ్యే అనిమోన్ జాతులు సముద్రంలో పది ఉన్నాయి. వాటిలో ఒసెల్లారిస్ సహజంగా చేరేవి మూడే: మాగ్నిఫికా, గిగాంటియా, మెర్టెన్సై. ఈ మూడూ ఇంట్లో పెంచడానికి కష్టమైనవే. షాపులో సులువుగా దొరికే బబుల్ టిప్ ఈ మూడింటిలో లేదు. అయినా ట్యాంకులో చాలా జతలు కొన్ని రోజుల్లోనో కొన్ని నెలల్లోనో దానికి అలవాటు పడతాయి. కొన్ని జన్మలో పడవు, ఫిల్టర్ పైపు మూలనే కాపురం పెడతాయి. మెరూన్ క్లౌన్‌తో ఈ తంటా లేదు, సముద్రంలోనూ దాని ఇల్లు బబుల్ టిప్పే. టొమాటో క్లౌన్ కూడా దాన్నే ఎంచుకుంటుంది. సాడిల్‌బ్యాక్ క్లౌన్‌కి ఇసుకలో ఉండే కార్పెట్ అనిమోన్ హడ్డోని ఇష్టం. క్లార్కై క్లౌన్ మాత్రం పదింటిలో దేన్నీ కాదనదు.

ముందు ట్యాంకు సంగతి

సైకిల్ (మలినాల్ని మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో స్థిరపడే దశ) పూర్తయి అమోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాయంటే చేపకు చాలు, అనిమోన్‌కు చాలదు. కనీసం ఆరు నెలలు నడిచిన ట్యాంకు కావాలి, ఏడాది దాటితే ఇంకా మేలు. అనిమోన్‌కు పెంకు లేదు, పొలుసు లేదు, ఎముక లేదు. దాని ఒళ్లంతా నీటితో నింపుకున్న తిత్తి. లవణీయత ఒక్కసారిగా మారితే ఆ దెబ్బ నేరుగా కణాలకు తగులుతుంది. కొత్త ట్యాంకులో అంకెలు మంచివే కనిపిస్తాయి, కానీ రోజుకో రకంగా ఊగుతాయి. అనిమోన్ తట్టుకోలేనిది ఆ ఊగడాన్నే.

ఉంచాల్సిన అంకెలు ఇవి: లవణీయత 35 పీపీటీ (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు), అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.025 నుంచి 1.026. ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీలు, ఎక్కువలో ఎక్కువ 27. ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎమ్, మెగ్నీషియం 1250 నుంచి 1350. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎమ్ మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య. నైట్రేట్‌ను బొత్తిగా సున్నా చేయాలని పంతం పట్టకండి, అనిమోన్ ఒంట్లోని జూజాంథెల్లా నాచుకు కూడా తిండి కావాలి. లవణీయతను ఊగే ముల్లున్న ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌తో కొలవొద్దు. కాంతి వంపును బట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొని, దాన్ని మామూలు నీళ్లతో సున్నాకి కాకుండా 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోండి.

నీళ్ల దగ్గర మన ఇళ్లలో జరిగే పొరపాట్లు వేరేగా ఉంటాయి. వంటింట్లో ఆర్‌ఓ ఉంది కదా, సరిపోతుందనుకుంటారు. బోరు నీళ్లు 600 టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) ఉంటే ఆ ఆర్‌ఓ మంచి స్థితిలో ఉన్నా 30 నుంచి 60 దాకా మిగులుస్తుంది. పైగా తాగే నీళ్ల మెషిన్లలో రుచి కోసం ఒక టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ ఉంటుంది, అది కొంత పచ్చి నీటిని కావాలనే కలుపుతుంది. కొన్నింటిలో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. ఆ కంట్రోలర్ మూసేసి, మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందే పైపు తీసి, దానికి మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలిస్తే మీటరు సున్నా చూపిస్తుంది. రెజిన్ రంగు మారినా, అంకె 2 దాటినా రెజిన్ మార్చాలి.

ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి, డిస్టిల్డ్ వాటరే కదా అని ట్యాంకులో పోసేవాళ్లున్నారు. టీడీఎస్ మీటరు నిజంగానే 10, 15 చూపిస్తుంది, అక్కడే మోసపోతారు. ఆ నీళ్లు రాగి గొట్టాల మీదుగా, దుమ్ము పట్టిన ఫిన్ల మీదుగా జారి వస్తాయి. వెన్నెముక లేని సముద్ర జీవులకు రాగి విషం. అందులోనూ అనిమోన్‌కు ఎంత కొంచెమైనా ఎక్కువే. ఇదే కారణంగా, గతంలో చేపల తెల్ల మచ్చల జబ్బుకి రాగి మందు వాడిన ట్యాంకును, అందులోని రాళ్లను, ఇసుకను అనిమోన్‌కు వాడొద్దు.

విశాఖలో ఉన్నవాళ్లకు సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే పోదా అనిపిస్తుంది. వానల తర్వాత నదుల నీరు కలిసి మన తీరంలో లవణీయత 30 కంటే కిందికి కూడా దిగుతుంది. రేవు దగ్గరి నీటిలో నూనె, మురుగు సరేసరి. ఆర్‌ఓ డీఐ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే నిలకడైన దారి: బ్రాండును బట్టి 100 లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోల మధ్య. కలిపిన నీటిని ఒక రోజు పంపుతో తిప్పి, కొలిచి, అప్పుడు వాడండి. రాళ్ల విషయంలో ఇంకో మాట. సముద్రంలో దిబ్బలు (రీఫ్) కట్టే రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు రాయిని ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా దాని జోలికి పోవద్దు. సిరామిక్ రాయి, తయారుచేసిన డ్రై రాక్ అనిమోన్‌కు సరిగ్గా పనికొస్తాయి.

వేసవిలో ఏం చేస్తారో ముందే తేలాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది 38 డిగ్రీలుంటే ట్యాంకు 33కి పోతుంది. 30 దాటి కొన్ని రోజులు గడిస్తే అనిమోన్ తన నాచును బయటికి కక్కి తెల్లబడడం మొదలుపెడుతుంది. నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది, విశాఖ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఫ్యాన్ పెడితే ఆవిరి పెరుగుతుంది: 100 లీటర్ల ట్యాంకులో రోజుకి 3 లీటర్లు పోతే లవణీయత 35 నుంచి 36కి, రెండు రోజులు చూడకపోతే 37కి ఎక్కుతుంది. పోయింది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి కలిపే నీరు ఉప్పులేని ఆర్‌ఓ డీఐదే కావాలి, అదీ తగ్గిన నీటిని తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరంతో కొంచెం కొంచెంగా. ఏసీ 24 గంటలూ నడవని ఇంట్లో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా అనిమోన్ పెట్టొద్దన్నదే మా సలహా. 200 లీటర్లకు పావు హెచ్‌పీ తీసుకోండి. 1/10 హెచ్‌పీది మన వేసవిలో ఆగకుండా నడుస్తూ ఆయుష్షు తీరిపోతుంది. చిల్లర్‌ను క్యాబినెట్ లోపల మూసి పెడితే అది వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది. కరెంటు పోయినప్పుడు కనీసం ఒక వేవ్‌మేకర్ ఇన్వర్టర్ మీద నడవాలి. నీళ్లు కదలకపోతే ముందు అయిపోయేది ఆక్సిజన్.

బబుల్ టిప్: పదిమందిలో ఎనిమిది మందికి ఇదే

శాస్త్రీయ నామం ఎంటాక్మియా క్వాడ్రికలర్. రాతి జాతి. 150 లీటర్ల ట్యాంకు, 150 నుంచి 250 పార్ (నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు, ఒక మోస్తరు ప్రవాహం చాలు. ఇంట్లో 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పుకి పెరుగుతుంది. దీనికి ఓటేయడానికి అసలు కారణం వేరే ఉంది: ఇది తనంతట తనే రెండుగా చీలుతుంది. కాబట్టి ట్యాంకుల్లోనే తరతరాలుగా చీలుతూ వచ్చిన పిల్లలు దొరుకుతాయి. రోజ్, గ్రీన్, రెయిన్‌బో అని రకరకాల పేర్లతో అమ్మేవాటిలో చాలావరకు ఇలాంటివే. ఎల్‌ఈడీ వెలుతురుకి, ఉప్పు కలిపిన నీటికి అలవాటు పడ్డ పిల్ల ఎక్కడ, సముద్రంలో రాయి మీంచి పీకి, వారం రోజులు సంచుల్లో తిరిగి వచ్చినది ఎక్కడ! రెండూ ఒకే ధర చెప్పినా, మొదటిది చిన్నదైనా సరే, దాన్నే తీసుకోండి. ఎవరి ట్యాంకులో చీలిందో, ఎన్నాళ్ల క్రితం చీలిందో చెప్పగలిగిన మనిషి దగ్గర కొనడం ఇంకా మంచిది.

పేరులోనే బుడగ ఉంది కాబట్టి కొసలు ఉబ్బకపోతే జబ్బు చేసిందని కంగారు పడతారు. టెంటకిల్స్ పొడుగ్గా సాగినా, బుడగ కట్టినా ఆరోగ్యంతో ఆ రూపానికి సంబంధం లేదు. ఒకే అనిమోన్ ఒక నెల బుడగలతో, ఇంకో నెల వేళ్లలా కనిపిస్తుంది.

దీని చెడ్డ గుణం నడక. నచ్చిన చోటు దొరికేదాకా తిరుగుతుంది, దారిలో తగిలిన పగడాలన్నింటినీ కుడుతుంది. దీనికి మందు రాయిని పేర్చే పద్ధతిలో ఉంది. పాదం రెండు మూడంగుళాల లోపలికి దూరేలా సందు ఉండాలి. లోపల చీకటి, బయటికి చాచితే వెలుతురు. అలాంటి సందున్న రాయిని మిగతా రాళ్లకు తగలకుండా, చుట్టూ 15 సెంటీమీటర్ల ఇసుక ఖాళీతో విడిగా దీవిలా పెడితే, అనిమోన్ ఇసుక దాటి రావడానికి చాలాసార్లు ఇష్టపడదు. దానికి గోడ కట్టలేం గానీ, ఇది సగం గోడ. ఒకటి పెడితే రెండేళ్లలో నాలుగైదు కావచ్చని కూడా ముందే లెక్కేసుకోండి. ఖరీదైన ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల రాతి) పగడాలు నిండుగా ఉన్న ట్యాంకులో బబుల్ టిప్ పెట్టడం పూలతోటలో మేకను వదలడమే.

ఇసుకలో దిగేవి

లాంగ్ టెంటకిల్, అంటే మాక్రోడాక్టిలా డోరీయెన్సిస్, ఇసుక జాతుల్లో కాస్త సులువైనది. 200 లీటర్ల ట్యాంకు, 150 నుంచి 250 పార్, 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతున్న సన్నని ఆరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక కావాలి. పాదం నారింజ, ఎరుపు కలిసిన రంగులో, మీద తెల్లటి పొక్కులతో ఉంటుంది. దాన్ని గుర్తుపట్టే తేలిక మార్గం అదే. ఇసుక అడుగున ఒక చదును రాయి ముందే పూడ్చి పెడితే దాన్ని పట్టుకుని స్థిరపడుతుంది. 3 సెంటీమీటర్ల ఇసుక మాత్రమే ఉంటే ఇది వద్దు. అనిమోన్ కోసం పాత ట్యాంకులో ఒక్కసారిగా ఇసుక పోయడం కూడా వద్దు, అడుగున చచ్చే జీవుల వల్ల అమోనియా పుడుతుంది. లోతైన గిన్నెలో ఇసుక నింపి ఆ గిన్నెను ట్యాంకులో దింపడం దీనికి మంచి ఉపాయం.

సెబే అని అమ్మేది చాలాసార్లు హెటెరాక్టిస్ క్రిస్పా. షాపులో తెల్లగా, ఊదా కొసలతో, చూడగానే మనసు పోయేలా ఉంటుంది. అసలు ఆరోగ్యంగా ఉన్న క్రిస్పా గోధుమ రంగులోనో, లేత ఇటుక రంగులోనో ఉంటుంది. తెల్లగా ఉందంటే నాచంతా పోయి ఆకలితో ఉందని అర్థం. దాన్ని కోలుకునేలా చేయొచ్చు, కానీ నెలలు పడుతుంది: తక్కువ వెలుతురు, వారానికి మూడుసార్లు గింజంత తిండి, కదపకుండా ఓపిక. మొదటి అనిమోన్‌గా మాత్రం తెల్లదాన్ని కొనొద్దు. నిమ్మపండు పసుపు, ముదురు గులాబీ ఒంటినిండా ఒకే రకంగా ఉంటే అది రంగు వేసినది, దాన్ని ఊరికే ఇచ్చినా వద్దు.

హడ్డోని కార్పెట్, అంటే స్టైకోడాక్టిలా హడ్డోనై, నిజంగానే తివాచీలా పరుచుకుంటుంది. సముద్రంలో 80 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కార్పెట్లలో ఇంట్లో నిలబడేది ఇదొక్కటే అనొచ్చు, ఒకసారి దిగిందంటే చోటు మార్చడం కూడా తక్కువ. అయితే దీని కుట్టు గట్టిది, పట్టు బంకలా ఉంటుంది. పక్కనుంచి ఈదిన చేప తగిలిందంటే అంటుకుపోతుంది, అరగంటలో తివాచీ మడత పడుతుంది, మరుసటి రోజు ముళ్లు బయటికొస్తాయి. రాత్రి లైటు ఆరగానే బెదిరి ఎగిరే చేపలు, ఇసుక మీద పడుకునే గోబీలు ముందు పోతాయి. చేతికి తగిలితే లాగొద్దు, నెమ్మదిగా వదిలించుకోవాలి, గ్లవ్స్ వాడాలి. 300 లీటర్లు, 250 పార్ పైన, 8 నుంచి 10 సెంటీమీటర్ల ఇసుక, ఒక జత సాడిల్‌బ్యాక్ లేదా క్లార్కై, వేరే చేపలు రెండో మూడో. ఇలా ట్యాంకునంతా దాని చుట్టూ కట్టుకునే ఉద్దేశం ఉంటే దీన్ని మించిన దృశ్యం లేదు. ఉన్న ట్యాంకులో ఒక మూల పెట్టుకుందామంటే మాత్రం కుదరదు.

అందమైనవే, కానీ ఇప్పుడు కాదు

మాగ్నిఫికా, గిగాంటియా రెండూ ఒసెల్లారిస్‌కు పుట్టిల్లు లాంటివి, అందుకే ఆశ పుడుతుంది. మాగ్నిఫికా మీటరు వెడల్పుకి పెరుగుతుంది, 300 పార్ దాటిన వెలుతురు, గట్టి ప్రవాహం కోరుతుంది. ట్యాంకులో ఎత్తైన చోటు దొరకకపోతే అద్దం ఎక్కుతుంది, అద్దం మీంచి పంపులోకి పోతుంది. ఈ రెండు జాతులూ తరచూ ప్రయాణంలో బ్యాక్టీరియా సోకి వస్తాయి. రోజంతా ఉబ్బుతూ, కుంగుతూ, నోరు తెరుచుకుంటూ నాలుగైదు రోజుల్లో కరిగిపోతాయి. అనుభవజ్ఞులు వీటిని నేరుగా మెయిన్ ట్యాంకులో వేయరు. విడి ట్యాంకులో 40 లీటర్లకు 250 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ వేసి, రోజూ నీళ్లన్నీ మార్చి మళ్లీ అదే మోతాదు వేస్తూ వారం రోజులు ఉంచుతారు. ఆ మందు వెలుతురులో చెడిపోతుంది కాబట్టి లైటు ఆర్పాకే వేస్తారు. ఈ మందు మెయిన్ ట్యాంకులోకి పోకూడదు, ఫిల్టర్ బ్యాక్టీరియా చస్తుంది. రోజూ 40 లీటర్ల ఉప్పునీళ్లు, రెండో ట్యాంకు, రెండో లైటు సమకూర్చుకోలేని ఇంట్లో ఈ రెండూ నిలవవు.

చిన్న ట్యాంకులున్నవాళ్లకు

50, 60 లీటర్ల నానో ట్యాంకులో పై జాతులేవీ పట్టవు. అక్కడ రాక్ ఫ్లవర్, మినీ మాక్సీ ఈ రెండింటి మధ్యే పోటీ. రాక్ ఫ్లవర్ కరీబియన్ సముద్రంది, 8 నుంచి 12 సెంటీమీటర్లు, 80 నుంచి 150 పార్ చాలు. ఇసుకలో పూడిన రాయిని పట్టుకుంటే ఇక కదలదు. నాలుగైదు రంగులు పక్కపక్కన పెట్టినా కొట్టుకోవు, ఆడా మగా కలిస్తే పిల్లలూ పుడతాయి. మినీ మాక్సీ, అంటే స్టైకోడాక్టిలా టాపేటమ్, అరచేతిలో పట్టే కార్పెట్. 100 నుంచి 200 పార్, రాతి పగుళ్లలో ఉంటుంది. రంగుల్లో దీన్ని కొట్టేది లేదు గానీ, చిన్న గోబీని పట్టేసుకునే అలవాటు ఉంది. ఈ రెండింటిలోకీ క్లౌన్లు సాధారణంగా చేరవు. చేరినా వాటి బరువుకి ఇవి నలిగిపోతాయి. సెక్సీ ష్రింప్ అనే చిట్టి రొయ్య, పోర్సిలిన్ పీత అయితే ముచ్చటగా సరిపోతాయి. కదలని గుణం చూస్తే రాక్ ఫ్లవర్‌దే పైచేయి.

కండిలాక్టిస్ చవగ్గా దొరుకుతుంది. దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు: బాగా నడుస్తుంది, బాగా కుడుతుంది, క్లౌన్లకు సహజమైన ఇల్లు కాదు. వదిలేయండి. ఒకే ట్యాంకులో రెండు జాతులు, ఉదాహరణకు బబుల్ టిప్‌తో పాటు కార్పెట్, కలపడం కూడా వద్దు. ఒకదాన్నొకటి తాకకపోయినా నీటిలోకి వదిలే రసాయనాలతోనే పోట్లాడుకుంటాయి.

షాపులో పది నిమిషాలు

మొదట నోరు చూడండి. మధ్యలో ఉండే నోరు ముడుచుకుని, పెదవులు బిగించినట్టుండాలి. వదులుగా తెరుచుకుని, లోపలి తెల్లటి దారాలు బయటికి వస్తుంటే ఆ అనిమోన్‌కు ఇక కొన్ని రోజులే. తర్వాత పాదం. అద్దానికో రాయికో అతుక్కుని ఉండాలి. నీటిలో తేలుతున్నదాన్ని, పక్కకి దొర్లి పడుకున్నదాన్ని కొనొద్దు. అతుక్కున్నదాన్ని షాపువాడు ఎలా తీస్తాడో కూడా చూడండి. గోరుతో గీకి పీకితే పాదం చిరుగుతుంది, చిరిగిన పాదంతో వచ్చింది చాలావరకు బతకదు. సన్నని ప్లాస్టిక్ కవర్లో ఐస్ ముక్క వేసి పాదం అంచుకు ఆనిస్తే అదే వదులుతుంది, లేదా చిన్న పంపు ధారను పాదానికి తగలనివ్వాలి. రాయితో సహా ఇస్తానంటే ఇంకా మంచిది.

ఆపైన తిండి. చిన్న రొయ్య ముక్క వేయమనండి. టెంటకిల్స్ వెంటనే అంటుకుని, వంగి, కొన్ని నిమిషాల్లో ముక్కను నోటి దాకా చేర్చాలి. ముక్క జారి కింద పడితే కుట్టే కణాలు పనిచేయట్లేదన్నమాట. వచ్చి ఎన్ని రోజులైందని అడగండి. నిన్ననే వచ్చిందంటే, అడ్వాన్స్ ఇచ్చి రెండు వారాల తర్వాత రండి. అప్పటికి బతికుంటే మీది.

ఇంటికి తెచ్చాక మొదటి నెల

తెచ్చేముందే వేవ్‌మేకర్లన్నింటికీ స్పాంజో, సన్నని మెష్షో తొడగండి. నీళ్లు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పళ్లకూ, హీటరుకూ కూడా. ఈ తొడుగులను వారానికోసారి కడగకపోతే ప్రవాహం తగ్గిపోతుంది.

దగ్గర్లోని షాపు నుంచి గంటలో తెచ్చినదాన్ని, సంచి 20 నిమిషాలు తేలనిచ్చి, గొట్టంతో చుక్కచుక్కగా 45 నుంచి 60 నిమిషాలు మీ నీళ్లు కలపండి. ఒక రోజు పైగా ప్రయాణం చేసి వచ్చిన సంచి అయితే ఇంత సేపు పనికిరాదు. సంచిలో చేరిన అమోనియా మూత తెరవగానే కార్బన్ డయాక్సైడ్ పోయి, పీహెచ్ పెరిగి, ఇంకా విషమవుతుంది. అప్పుడు విడి గిన్నెలో సంచి లవణీయతకు సరిపోయే కొత్త ఉప్పునీళ్లు సిద్ధంగా పెట్టి, అనిమోన్‌ను అందులోకి మార్చి, తర్వాత నెమ్మదిగా మీ లవణీయతకు తేవాలి. సంచి నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

పంపులన్నీ ఆపి, బబుల్ టిప్ అయితే పాదాన్ని రాతి సందులోకి జార్చి, అరగంట నుంచి గంట వదిలేయండి. ఇసుక జాతి అయితే వేలితో గుంట చేసి, పాదం దాంట్లో పెట్టి, చుట్టూ ఇసుక సర్దండి. తర్వాత ప్రవాహాన్ని కొంచెం కొంచెంగా పెంచండి. లైటు మొదటి వారం 40 శాతం, తర్వాత వారానికి 15, 20 శాతం చొప్పున పెంచుతూ రోజుకి 8 నుంచి 10 గంటలు. పార్ మీటరు లేకపోయినా అనిమోనే చెబుతుంది: మెడ సాచినట్టు పైకి సాగి ఉంటే వెలుతురు చాలట్లేదు. పగలంతా ముడుచుకుని సందులో దాక్కుంటే వెలుతురో ప్రవాహమో ఎక్కువైంది. నడుస్తుంటే నడవనివ్వండి. పదే పదే పీకి పాత చోట పెట్టడం వల్లే పాదాలు చిరుగుతాయి.

మొదటి వారం తిండి పెట్టొద్దు. తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు, చిటికెన వేలి గోరులో సగం ఉన్న పచ్చి రొయ్య లేదా చేప ముక్క చాలు. పెద్ద ముక్క వేస్తే తీసుకున్నట్టే తీసుకుని రాత్రికి కక్కేస్తుంది, ఆ కక్కు నీటిని పాడుచేస్తుంది. ప్యాకెట్ రొయ్యల్లో కొన్నింటిని బరువు కోసం పాలీఫాస్ఫేట్‌లో నానబెడతారు, ఫాస్ఫేట్ ఎక్కడ్నుంచి పెరుగుతోందో అర్థం కాకపోవడానికి ఇదో కారణం. బజారులో తాజా రొయ్య కొని, ఒలిచి, ఆర్‌ఓ నీళ్లతో కడిగి, ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఉప్పు, పసుపు తగిలిన చేత్తో ముట్టుకోవద్దు.

బాగా చూసుకుంటే వీటికి ముసలితనం లేదన్నట్టే ఉంటుంది. స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ 1828లో తీరం నుంచి తెచ్చి జాడీలో పెట్టిన ఒక అనిమోన్ చేతులు మారుతూ 1887 దాకా బతికింది, దానికి ముద్దుగా గ్రానీ అని పేరు. అది చల్లని నీటి జాతి, ఒంట్లో నాచు లేదు, లైటుతో పని లేదు, కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ వాళ్లు చేసిందల్లా సముద్రపు నీళ్లు మారుస్తూ ఉండడమే.

కుంగడం, పోవడం ఒకటి కాదు

రోజుకోసారి అనిమోన్ గాలి తీసిన బెలూన్‌లా కుంగి, గోధుమ రంగు జిగురు తీగ వదిలి, కొన్ని గంటల్లో మళ్లీ నిండడం మామూలే. పాత నీళ్లు, మలం బయటికి పంపే పని అది. భయపడాల్సింది ఇవి కనిపించినప్పుడు: ఒక రోజు దాటినా నిండకపోవడం, నోరు తెరుచుకునే ఉండడం, పాదం వదిలేసి ప్రవాహంలో కొట్టుకుపోవడం, ఒంటి నుంచి పోగుల్లా ముక్కలు రాలడం. అప్పుడు లవణీయత, ఉష్ణోగ్రత, అమోనియా, ఆల్కలినిటీ ఈ వరసలో కొలవండి. కారణం చాలావరకు మొదటి రెండింటిలోనే దొరుకుతుంది.

అనుమానం తీరకపోతే చిన్న గిన్నెతో కొంచెం నీటితో సహా ఎత్తి వాసన చూడండి. బతికున్న అనిమోన్‌కు సముద్రం వాసన తప్ప వేరే ఉండదు. చచ్చినదాని కంపు గది దాటి వస్తుంది. అలా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అరచేతంత అనిమోన్ కరిగితే 150 లీటర్ల ట్యాంకులో చేపల్ని రాత్రికి రాత్రే చంపేంత అమోనియా పుడుతుంది. రాయితో సహా బయటికి తీసి, మిగిలిన ముక్కల్ని గొట్టంతో పీల్చేసి, 40 శాతం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో కొత్త కార్బన్ వేసి, నురగతో మలినాల్ని తీసే స్కిమ్మర్‌ను తడి నురగకు తిప్పండి. రెండు గంటల తర్వాత అమోనియా మళ్లీ కొలిచి, 0.25 పీపీఎమ్ దాటితే ఇంకో 40 శాతం మార్చండి. ఇందుకోసమే, అనిమోన్ ఉన్న ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు 60 లీటర్లయినా డ్రమ్ములో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.